పడవ చెక్కని పొయ్యిలో పెట్టేముందు ఒక్క కబురు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఎండలు ముదిరే వేళకి మీ పత్రికలో ఒక చిన్న వార్త వస్తుంది. ఫలానా తేదీ నుంచి గోదావరి డెల్టా కాలువలకి నీళ్లు కట్టేస్తున్నారు, ఊళ్లలో మంచినీళ్ల చెరువులు ముందే నింపుకోండి అని. విశాఖలో ఉండేవాళ్లకి ఆ వార్తతో పెద్దగా పని ఉండదు. నేను మాత్రం మల్కాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని దాని కోసమే ఎదురుచూస్తుంటాను. కాలువ ఎండితేనే కదా దాని అడుగున ఏముందో తెలిసేది.

కిందటి వేసవిలో నిడదవోలు దగ్గర ఏలూరు కాలువలో నాకు కనబడింది ఇది. బురద ఆరి బీటలు వారిన చోట, చేప ముల్లులాగా వరసగా పైకి లేచిన వంపు కర్రలు. ఒక పక్కన రెండు బారల పలక ఇంకా మేకులతోనే ఉంది. అది ఎప్పుడో మునిగిపోయిన సరుకుల పడవ. ఇద్దరు కుర్రాళ్లు గునపంతో ఆ కర్రల్ని పెకలిస్తున్నారు. ఎందుకు బాబూ అంటే, "పొయ్యిలోకండీ, నూనె పట్టిన కర్ర, భలే మండుద్దండి" అన్నారు. వాళ్లని తప్పుపట్టలేను. అది పడవ అని చెప్పినవాళ్లు లేరు వాళ్లకి. నేను చెబితే ఒకడు గునపం కింద పెట్టి, "ఈ కాలవలో పడవలు తిరిగేవాండీ?" అని అడిగాడు. కాలువ గట్టునే పుట్టిన కుర్రాడు అడిగిన మాట ఇది. ఈ ఉత్తరం రాయడానికి ఆ మాటే కారణం.

నేను షిప్‌యార్డులో 34 ఏళ్లు వడ్రంగిగా చేసి రిటైరయ్యాను. ఇనుప ఓడలు కట్టే చోట వడ్రంగికి పనేమిటని చాలామంది అడుగుతారు. డ్రై డాక్‌లో, అంటే మరమ్మతుకి నీళ్లు తోడేసిన రేవులో, ఓడ కూర్చునేది కొయ్య దిమ్మల మీదే. ఆ దిమ్మలు అంగుళం తేడా లేకుండా పేర్చాలి. అది మా పని. కానీ చెక్క మీద చెయ్యి పెట్టడం నేను షిప్‌యార్డులో నేర్చుకోలేదు, మా తాత పడవ మీద నేర్చుకున్నాను.

మా తాత సరంగు, అంటే పడవ నడిపేవాడు. ధాన్యం, బెల్లం, కొబ్బరికాయలు, గూనపెంకులు, ఏది దొరికితే అది వేసుకుని ఏలూరు కాలువ వెంట బెజవాడ దాకా వెళ్లేవాడు. పడవలో రెండొందల బస్తాలు పట్టేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే వెదురు గడ, అదీ సాగకపోతే తాడు. ఇద్దరు కళాసీలు తాడు భుజానికి వేసుకుని గట్టు మీద ముందుకి వంగి నడుస్తూ లాగేవారు. ఆ తాడు ఒరిపిడికి మా చిన్న కళాసీ భుజం మీద చర్మం గట్టిపడి కాయ కాసిపోయింది. ఏలూరు కాలువ సంగతి తెలిసినవాళ్లకి తెలుసు: విజ్జేశ్వరం నుంచి గోదావరి నీళ్లు, బెజవాడ నుంచి కృష్ణ నీళ్లు, రెండూ ఏలూరులో కలుస్తాయి. "ఏలూరు దాకా నీళ్లు మనల్ని మోస్తాయిరా, ఏలూరు దాటాక మనమే పడవని మోయాలి" అనేవాడు తాత.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వేసవి సెలవలకి ముందు ఒకసారి నన్ను వెంట తీసుకెళ్లాడు. అన్నిటికంటే గుర్తున్నది లాకు, అంటే కాలువ మట్టం మారే చోట పడవని ఎక్కించి దించే తలుపుల గది. పడవ లోపలికి వెళ్లగానే వెనక తలుపులు మూసేశారు. ఇటూ అటూ నల్లటి రాతి గోడలు, పైన చిన్న ముక్క ఆకాశం. ముందు తలుపుల కింద షట్టర్లు ఎత్తగానే నీళ్లు అన్నం కుండలా ఉడుకుతున్నట్టు పొంగాయి. నాకు భయమేసి తాత పంచె పట్టుకున్నాను. పడవ తనంతట తను పైకి లేస్తుంటే గోడ మీద నాచు మా పక్కనుంచి కిందికి దిగిపోయింది. పైకి వచ్చేసరికి లాకు తలుపులు చూసే లస్కరు గట్టు మీద నిలబడి బీడీ కాలుస్తూ, "ఏం మనవడా, భయపడ్డావా" అని నవ్వాడు. ఇంజను లేదు, కరెంటు లేదు. నీళ్ల బరువుతో అంత బరువు పడవని ఒక మనిషి పైకెత్తేశాడు.

ఇదంతా కాటన్ దొర ఆనకట్టతో వచ్చిన సదుపాయం. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. పొలాలకి నీళ్లు ఒక్కటే ఆయన ఆలోచన కాదు. రైళ్ల కంటే జలమార్గాలే ఈ దేశానికి చవక అని ఆయన చివరిదాకా వాదించాడు. అందుకే డెల్టా ప్రధాన కాలువలకి లాకులు పెట్టారు. తర్వాత కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ, అక్కణ్ణించి బకింగ్‌హాం కాలువ, ఇలా ఒక దారంతో కుట్టినట్టు కాకినాడ నుంచి మద్రాసు దాటి వెళ్లే నీటిదారి తయారైంది. 2008లో కేంద్రం దీన్నే నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. ఏలూరు కాలువ ఒక్కటే 139 కిలోమీటర్లు, కొమ్మమూరు కాలువ 113. రైలు వచ్చింది, లారీ వచ్చింది, పడవ ఆగిపోయింది. దానికి ఎవరినీ అనక్కర్లేదు.

తాత 1979లో పోయాడు. పడవ కాలువ గట్టున బోర్లించి ఉండేది. 1986లో మా అమ్మ ఉత్తరం రాసింది, చెక్క చెదలు పడుతోంది, ఇటుక బట్టీ వాళ్లు ఆరొందలు ఇస్తామంటున్నారు, ఏం చేయమంటావు అని. నాకప్పుడు ఇద్దరు పిల్లలు, చాలీచాలని జీతం. ఇచ్చేయమని నేనే జవాబు రాశాను. రెండు ఎడ్లబండ్ల నిండా చెక్కలు వెళ్లాయట. సెలవు పెట్టి వెళ్లేసరికి గట్టు మీద పడవ ఆకారంలో గడ్డి లేని చోటు మిగిలింది. ఆ పక్కన చుక్కాని పిడి ఒకటి పడుంది, బండివాళ్లు మర్చిపోయినట్టున్నారు. తెచ్చుకున్నాను. టేకు కర్ర, మూడున్నర అడుగులు. చేత్తో పట్టుకునే చోట ఒక పక్క మాత్రమే అరిగి నున్నగా ఉంటుంది, ఎందుకంటే తాత ఎడమ చేత్తో చుక్కాని పట్టేవాడు, కుడిచెయ్యి గడ కోసం ఖాళీగా ఉంచుకునేవాడు. ఆ అరుగుదలలో నా అరచెయ్యి సరిగ్గా కూర్చుంటుంది. ఆ రోజు నేను రాసిన జవాబు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఇంకొకరు అదే జవాబు రాయకూడదనే ఇంత చెబుతున్నాను.

రిటైరయ్యాక ఆ పిడిని నలుగురికీ కనబడే చోట పెట్టాలని ఒక కార్యాలయానికి పట్టుకెళ్లాను. పేరు ఎందుకులెండి. విగ్రహాలకీ నాణేలకీ విభాగం ఉంది, పడవలకి లేదు, వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్లండి, చూస్తాం అన్నారు. వెనక్కి తెచ్చేసుకున్నాను.

2019లో మా పెద్దమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లాం. తను నార్తాంప్టన్‌లో నర్సు. ఒక ఆదివారం మా అల్లుడు అక్కడికి దగ్గర్లోనే ఉన్న స్టోక్ బ్రూర్న్ అనే ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ గ్రాండ్ యూనియన్ కెనాల్ గట్టున, పాత పిండిమర భవనంలో 1963 నుంచి కాలువ మ్యూజియం నడుస్తోంది. కాలువలో వరసగా లాకులు. వాళ్ల పడవలు మనవాటికి పోలిక లేకుండా ఉంటాయి: 70 అడుగుల పొడవు, వెడల్పు 7 అడుగులే. ఆ దేశంలో చాలా కాలువల లాకులు అంత ఇరుకుగా కట్టుకున్నారు మరి. ఆ ఊరు దాటగానే కొండ కింద 1805లో తెరిచిన సొరంగం, పొడవు 2.8 కిలోమీటర్లు. పడవని లాగే గుర్రాన్ని కొండ మీదుగా నడిపించి, లోపల మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని గోడలకి కాళ్లు తన్నిపెట్టి నడిపించేవాళ్లట. వింటుంటే నాకు మా చిన్న కళాసీ భుజం గుర్తొచ్చింది. ఏ దేశమైతేనేం, పడవని నడిపింది కూలివాడి ఒళ్లే.

నన్ను కట్టిపడేసింది మ్యూజియం కాదు. తర్వాత కొద్దిరోజులకి వేరేచోట చూసిన ఒక రేకుల షెడ్డు. లోపల పాత కొయ్య పడవ ఒకటి దిమ్మల మీద ఉంది. చుట్టూ ఆరేడుగురు. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు, ఒకామె టీచరు, ఒక కాలేజీ పిల్ల. ఎవరికీ జీతం లేదు. వారంలో ఒకరోజు వచ్చి పని చేసి, టీ తాగి వెళ్లిపోతారు. పక్కలు ఓకు చెక్క, అడుగు ఎల్మ్ చెక్క. పలకల సందుల్లో తారు పట్టించిన పాత తాడు పీచు కూరి, మొద్దు ఉలితో కొడుతున్నారు. ఆ చప్పుడు వినగానే నా చేతులు ఆగలేదు. సందు గట్టిగా నిండిందో లేదో సుత్తి చప్పుడే చెబుతుంది: మొదట డబ్ డబ్‌మని బోలుగా ఉంటుంది, నిండాక టంగ్ అని తిరిగి పలుకుతుంది. మా అల్లుడు నా తరఫున మాట్లాడాడు. వాళ్లు సుత్తి నా చేతికిచ్చారు. రెండు బారలు కూరాను. మా ఊళ్లో దీనికి నూలు పేని, గుగ్గిలం నూనెలో కాచి పూసేవాళ్లం అని చెబితే, వాళ్ల పాతకాలం మందు గురించి చెప్పారు: తారు, ఆవు వెంట్రుకలు, గుర్రప్పేడ కలిపి సలసల కాచి పూసేవాళ్లట. ఆ సాయంత్రం భాష రాని చోట నేను పరాయివాణ్ణని అనిపించలేదు.

తర్వాత కనుక్కుంటే తెలిసింది, అక్కడా కాలువలు ఒకప్పుడు చావుకి సిద్ధమైనవే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి చాలావాటిల్లో పూడిక, తుప్పు పట్టిన తలుపులు. 1946లో రాబర్ట్ ఐక్‌మన్, టామ్ రోల్ట్ అనే ఇద్దరు కాలువల్ని కాపాడటానికి ఒక సంఘం పెట్టారు. 1948లో ప్రభుత్వం కాలువల్ని సొంతం చేసుకున్నా పడవల రాబడి పడిపోతూనే ఉంది. 1962-63 చలికాలంలో కాలువలన్నీ గడ్డకట్టి వారాల తరబడి కదలకపోయేసరికి చాలా సరుకుల పడవల బతుకు అక్కడితో సరి. అయినా మామూలు జనం వదల్లేదు. సెలవులకి బురదలో దిగి పూడిక తీసేవాళ్ల కోసం 1970లో ఒక దళమే ఏర్పడింది. రెడింగ్ నుంచి బాత్ వైపు వెళ్లే 140 కిలోమీటర్ల కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ ఏళ్ల తరబడి మూతపడి, జనం చందాలతో, చెమటతో లాకు తర్వాత లాకు బాగుపడి 1990లో రాణి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. అందులో డివైజెస్ అనే ఊరి దగ్గర 29 లాకులు, వాటిలో 16 ఒకే వాలు మీద మెట్లలాగా.

వాళ్లు చేశారు కాబట్టి మనమూ అలాగే చేయాలని నేననను. వాళ్ల కాలువలు పడవల కోసమే తవ్వినవి. మనవి ముందు పొలానివి. రైతు నీళ్ల తర్వాతే ఎవరి సరదా అయినా. పైగా తర్వాత కట్టిన వంతెనలు చాలాచోట్ల నీళ్లకి తగిలేంత కిందికి ఉన్నాయి, నిండు కాలువలో తెరచాప పడవ కాదు కదా, నాటు పడవ కూడా పోలేదు. కాలువంతా మళ్లీ పడవలు తిరగాలని నేను అడగట్లేదు. రెండు వంతెనల మధ్య ఎక్కడో ఒక ముక్క కాలువ, అందులో కదిలే పడవ ఒకటి. అంతే.

కదిలే పడవ అని ఎందుకంటున్నానో చెబుతాను. మా బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నేవీలో పని చేసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడింది. దాన్ని ఒడ్డుకి ఎక్కించడం ఎంత పనో ఓడల దగ్గర పని చేసినవాణ్ణి కాబట్టి తెలుసు, చూసినప్పుడల్లా గర్వపడతాను. ఊరికి వచ్చిన చుట్టాలందర్నీ తీసుకెళ్తాను. అందుకే చాలామంది స్నేహితులు, కాలువ పడవని కూడా తెచ్చి దాని పక్కన పెట్టిస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ఇనుము ఎండలో నిలబడుతుంది, రంగు వేస్తూ ఉంటే చాలు. కొయ్య పడవ నీళ్లు తాగి బతుకుతుంది. ఎండలో పెడితే పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి, కూరిన నూలు రాలిపోతుంది, మూడు వేసవులకి మేకులు చేత్తో ఊడొస్తాయి. పాత రోజుల్లో కాలువలు కట్టేసిన నెలన్నరలోనే మరమ్మతులు ముగించి, నీళ్లు వదలగానే పడవని దించేసేవారు. ఒకటి రెండు రోజులు కారుతుంది, చెక్క ఉబ్బాక దానంతటదే ఆగిపోతుంది. పడవకి గాజు గది వద్దు, రేవు కావాలి. అది గోదావరి జిల్లాల్లోనే కుదురుతుంది.

విశాఖ ఏం ఇవ్వగలదంటే, చేతులు. షిప్‌యార్డులో చేసి రిటైరైన వడ్రంగులు మల్కాపురంలో, గాజువాకలో ఇంకా ఉన్నారు. చేపల రేవులో కొయ్య మరబోట్లు కట్టినవాళ్లు ఉన్నారు, ఫైబర్ బోట్లు వచ్చాక వాళ్లలో చాలామంది తలుపులు కిటికీలు చేసుకుంటున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఓడల ఇంజనీరింగు చదివే పిల్లలున్నారు. వీళ్లలో తొమ్మిదిమందిమి రెండేళ్లుగా కలుస్తున్నాం. మాకు పేరు లేదు, బోర్డు లేదు, బ్యాంకు ఖాతా లేదు. నెలకోసారి రైలెక్కి నిడదవోలులో దిగి గట్ల వెంట నడుస్తాం. పడవ చెక్క కనబడితే కొలుస్తాం, పిల్లలు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో గీస్తారు. ఇప్పటికి నాలుగు పడవల కొలతలు చేతికొచ్చాయి, నాలుగూ ముక్కలే. ఒకటి గేదెల పాక కప్పుకింద దూలంగా ఉంది. ఒకటి పుంత మీద కాలిబాట వంతెన అయింది.

చెక్క కంటే తొందరగా పోతున్నవాళ్లు మనుషులు. కిందటి సంక్రాంతికి ముందు ఒక పెద్దాయన దొరికారు, ఎనభై ఆరేళ్లు, పడవలు తిరిగిన చివరి రోజుల దాకా సరంగు. కళ్లు సరిగా ఆనవు. మేం గీసిన బొమ్మలో కొలతలు చదివి వినిపిస్తే మధ్యలో ఆపి, "అమరం అంత ఎత్తుండదండి బాబూ, సరంగు కాళ్లు నీళ్లకి ఆనుకోవాలండి, లేపోతే పడవేం చెప్తందో తెలవదు కదండీ" అన్నారు. అమరం అంటే పడవ వెనక కొస. మేం విరిగిన ముక్కని బట్టి జానెడు ఎక్కువ గీశాం. ఆయన లేకపోతే ఆ తప్పు అలాగే ఉండిపోయేది. తెరచాప దింపే ముడి ఎలా వేస్తారో చూపించమంటే వాళ్ల కోడలు గేదె పలుపు తెచ్చిచ్చింది. చూడకుండా వేశారు. మాలో కుర్రాడు ఫోన్‌లో మూడుసార్లు వీడియో తీసినా ఇంకా మాకెవ్వరికీ ఆ ముడి రాలేదు. మళ్లీ వెళ్లాలి.

కాబట్టి మీ పత్రిక ద్వారా నా మనవి ముందు కాలువ గట్ల ఊళ్లవాళ్లకి. మీ పెరట్లో, పాకలో, గట్టున పాత పడవ చెక్క, చుక్కాని, లంగరు, గడ మొన కనబడితే పొయ్యిలోకో పాత సామాన్ల బండికో ఇచ్చేముందు ఒక్క రోజు ఆగండి. మీ ఊళ్లో మాస్టారికి చెప్పినా, ఈ పత్రిక విలేకరికి చెప్పినా చాలు, ఆ కబురు మాకు చేరేలా సంపాదకులు దయచేసి చూడాలి. మేం వచ్చి కొలుచుకుంటాం. వంటచెరకు ఖరీదు కావాలంటే అదీ ఇస్తాం, ఆ మాత్రం మా పెన్షన్లలో ఉంది. ఇంట్లో సరంగుగా చేసిన తాతయ్యలు ఉంటే, వాళ్లు మాట్లాడుతున్నప్పుడు మనవలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ రేవులో ఏ సరుకు ఎక్కేదో, ఏ లాకు దగ్గర రాత్రి ఆగేవారో, అది చాలు.

నీటిపారుదల అధికారులకి కూడా ఒక మాట. లాకుల పాత తలుపులు తీసి కొత్తవి పెట్టడం తప్పదు, అది పొలాల కోసం. కానీ తీసిన పాత తలుపు జతల్లో ఒకటైనా వేలానికి వేయకుండా ఆ లాకు పక్కనే నిలబెట్టండి. లొల్ల లాకుల దగ్గరికి సినిమా షూటింగుల పేరుతో ఎంతమంది వెళ్తున్నారో మీకు తెలుసు. వాళ్లకి లాకు ఎలా పనిచేసేదో చెప్పే పలక ఒకటి తెలుగులో పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. కాలువ కట్టేసిన రోజుల్లో మాలాంటి వాళ్లు అడుగుకి దిగి వెతుక్కోవడానికి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, పోయినసారిలా మమ్మల్ని ఇసుక దొంగలనుకుని ఎవరూ తరిమేయరు.

మా లెక్క ప్రకారం, గీసిన కొలతలతో ముప్పై అడుగుల చిన్న పడవ కట్టడానికి చెక్క దొరికితే మనుషులం ఉన్నాం. టేకు కొనే స్తోమత లేదు, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు చూస్తున్నాం. ఈసారి కాలువలు కట్టేసిన వారానికల్లా మేం నిడదవోలులో ఉంటాం. జూన్‌లో నీళ్లు వదిలేలోగా ఆ పెద్దాయన దగ్గర ముడి నేర్చుకోవాలి. తాత చుక్కాని పిడికి నూనె రాసి గుడ్డ చుట్టి సిద్ధంగా ఉంచాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిప్‌యార్డు వడ్రంగి,
మల్కాపురం, విశాఖపట్నం.